దానిమ్మ మొదట్లో పిలకలు

ఇంటామెకు రక్తం తక్కువుంది, రోజుకో దానిమ్మ పండు పెట్టమని దవాఖానాలో చెప్తే, పండ్లు కొనకుండా మొక్క కొన్నోణ్ణి నేను. సత్తుపల్లి మొత్తం వెతికినా ఇంత ముందుచూపున్న మొగుడు దొరకడు.

తల్లాడ నర్సరీలో నూటయాభై చెప్పిండు. కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినోణ్ణి, ఊరుకుంటనా? రెండుసార్లు అలిగి బండి స్టార్టు చేసి, రెండుసార్లు ఆపి, తొంభైకి తెచ్చిన.

ఇంటామె మొక్కను, నన్ను మార్చి మార్చి చూసింది. “ఇది కాసేదాకా నన్ను ఆగమంటవా ఏంది?”

మర్నాటి నుంచి పండ్లు కూడా కొన్న. మందులతో, బజారు పండ్లతో ఆమె రక్తం ఏడాదికే కుదురుకున్నది. మొక్క మాత్రం కాయలేదు.

తప్పు నాదే. రెండో ఏడు చెట్టు మొదట్లోనుంచి పిలకలు లేచినయి. అవి చెట్టు బలం గుంజుతయి, కోసెయ్యమని నర్సరీ ఆయన ముందే చెప్పిండు. కానీ కిలో పప్పుకు గుప్పెడు కొసరు అడిగి తీసుకునే ఇంట్ల పుట్టినోడికి, ఊరికే వచ్చింది వదలబుద్ధి అయితదా? ఒక్కదాని పైసలకు తొమ్మిది కాండాలని వచ్చినోళ్లందరికీ చూపించిన. చెట్టు పొదలెక్క గుబురెక్కింది. పూలు ఎర్రగా పూసుడు, రాలుడు. రెండేండ్లు గంతే.

రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోసేది ఇంటామె. ఒకనాడు ఖాళీ గిన్నె పట్టుకొని అక్కడే నిలబడ్డది.

“బజారు పండు దవాఖానాలో చెప్పిండ్రని తిన్న. మన చెట్టుది ఒక్కటి ఇష్టంగా తినాలనుంది. ఆ పిలకలు కొయ్యి.”

“ఆరు ఉంచుదాం.”

“ఒకటి.”

“పోనీ, నాలుగు.”

“నీ బేరం కొట్టుకాడ పెట్టుకో. ఇదేమన్న నీ గిరాకా? మూడు. ఇగ నోరు మూసి కొడవలి తియ్యి.”

కోస్తుంటే నా గల్లాలోంచి పైసలు పోయినట్టే అయింది. మరుసటి ఏడు పదకొండు కాయలు నిలిచినయి. ఇంటామె పాత జాకెట్టు గుడ్డలతో సంచులు కుట్టి కట్టింది. అయినా ఉడుతలు నాలుగు కొట్టినయి, రెండు పగిలినయి, అయిదు ఇంట్లకొచ్చినయి.

మొదటిది ఒలిచి నోట్లో వేసుకున్నది. “పుల్లగుందా?” అన్న.

“అవ్, కొంచెం. నువ్వు అటు జరుగు.”

ఇగ లెక్క. మొక్క తొంభై. పెట్రోలు నూటముప్పై. ఎరువు, వేపపిండి అయిదువందల ఎనభై. మొత్తం ఎనిమిదివందలు. పండు ఒక్కటి నూటఅరవై పడ్డది. బజారులో నలభై. అంటే ఆరువందలు నష్టం. అయిదు పండ్లూ ఇంటామే తిన్నది.