చప్పుడు చెయ్యని మనిషి

సెలూన్ నడిపే ఆయన రాత్రిళ్లు నవల చదివితే పక్కనున్న పెళ్లాం కనురెప్ప కూడా కదలదు. టార్చిలైటుకు చేతిరుమాలు చుట్టి, దుప్పటి ముసుగు పెట్టి, గిరాకీల గొంతు మీద కత్తి నడిపినంత నాజూగ్గా పేజీ తిప్పుతాడు. దగ్గొస్తే దిండులోకే దగ్గుతాడు. "మా ఆయన దేవుడు, ఎవరి నిద్రా చెడనివ్వడు" అని ఆవిడ వీధంతా చెప్పుకుంటుంది. మొన్న, హంతకుడెవరో తేలడానికి ఇంకా రెండు పేజీలున్నాయనగా, ఆ మూల మంచం మీంచి తల్లి పిలిచింది. "ఒరే చిన్నోడా, మెలకువగా ఉన్నావా? గొంతెండిపోతోంది, కాసిని నీళ్లియ్యరా."

ఆయన లైటు ఆర్పేసి సన్నగా గురక పెట్టాడు. "పాపం, పొద్దస్తమానం నిలబడే ఉంటాడు" అని గొణుక్కుని, దీపం వేస్తే కొడుకు లేస్తాడేమోనని ముసలావిడ చీకట్లోనే గోడ తడుముకుంటూ వెళ్లింది. ఆయన మళ్లీ లైటు వెలిగించాడు. వంటింట్లో చెంబు దొర్లింది, వెంటనే మనిషి పడ్డ చప్పుడైంది. పెళ్లాం, పిల్లలు ఉలిక్కిపడి పరుగెత్తారు. ఆయన మిగిలిన అరపేజీ ముగించి, పుస్తకం దిండు కింద దోపి, కళ్లు నులుముకుంటూ అందరికన్నా ఆఖరున వచ్చాడు. తుంటి విరిగి కదల్లేక పడున్న తల్లి ఆయన్ని చూసి, "నీ నిద్ర చెడగొట్టాను కదరా" అంది.

"ఒక్క కేకేసి నన్ను లేపొచ్చు కదమ్మా!" అని కసురుకున్నాడు.