రిపోర్టులో ఉన్న పాలు

ఆవు చెవి పట్టుకున్న క్షణంలోనే నాకు భయం మొదలైంది. చెవి చల్లగా ఉంది. మెడ తిప్పి, తల డొక్కకు ఆనించి పడుకుంది. ఆ పొద్దున్నే ఈనింది. మధ్యాహ్నం దాకా దూడను నాకుతూ నిలబడే ఉంది. ఇప్పుడు కుడితి తొట్టి ముందుకు జరిపినా లేవడం లేదు.

కిందటేడు పశువుల శిబిరంలో దాని తోక వెంట్రుకలు కుదుళ్లతో పీకి పరీక్షకు పంపారు. ఎక్కువ పాలిచ్చే జన్యు గుర్తులు ఉన్నాయని, ఇప్పటిదాకా ఇచ్చినవి దాని శక్తికి తక్కువేనని రిపోర్టు వచ్చింది. అప్పటినుంచి మా ఆయన పవర్ ప్లాంటు డ్యూటీ దిగగానే, బట్టలైనా మార్చకుండా గడ్డి మీద పడ్డ ప్లాంటు బూడిద దులిపి దానికి వేసేవాడు. ఇది మూడో ఈత. రిపోర్టు నిజమో కాదో చూద్దామని పొద్దున పొదుగంతా పిండేశాడు. బకెట్టు నిండింది.

"కాయితం పాలిస్తదా అంటివి గదమ్మా, సూడు," అన్నాడు వాళ్లమ్మతో.

"ఇచ్చింది కాయితం కాదురా, ఆవు," అంది అత్త. అంటూనే ఇంటింటికీ జున్నుపాలు పంచి వచ్చింది.

సాయంత్రం ఆయన డ్యూటీలో ఉన్నాడు. పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే యరగేర ఊళ్లో ఉన్నానన్నాడు. "పక్కకు వాలనీయొద్దమ్మా. నోట్ల ఏం పోయొద్దు. వస్తున్న."

ఇంట్లో చంటివాడు ఏడుస్తున్నాడు.

"పోయి పాలియ్యి పో, నేను సూస్తా," అంది అత్త.

"పోయినా నా పానం ఈడనే ఉంటది, అత్తా."

"అయితే వాన్నే ఈడికి తెస్తా ఉండు."

ఆవు భుజానికి వీపు ఆనించి, చంటివాడికి పాలిస్తూ కూర్చున్నాను. దాని ఊపిరి నా వీపుకు తెలుస్తోంది. అది ఆగిపోతుందేమోనని కదలలేదు.

దీపాలు పెట్టే వేళకు డాక్టరు వచ్చాడు. పాల జ్వరం అన్నాడు. పేరుకే జ్వరం, ఒళ్లు మాత్రం చల్లబడుతుందట. మెడ నరానికి కాల్షియం సీసా ఎక్కిస్తూ, ఇంకో చేత్తో గుండె చూస్తూ చెప్పాడు:

"రిపోర్టు తప్పు కాదమ్మా. పాలెక్కువిచ్చే ఆవుకే ఇది ఎక్కువొస్తది. ఒంట్ల కాల్షియం పాలల్ల పోతది. ఈనిన కొత్తల పొదుగు ఖాళీ చెయ్యొద్దు."

"అన్ని చెప్పినోళ్లు గిది చెప్పకపోతిరి," అంది అత్త.

సీసా అయిపోయే ముందు ఆవు ఒళ్లు వణికింది. పేడ వేసింది. అత్త ఆ పేడను చూసి, ఇగ బతికినట్టే అంటూ కళ్లు తుడుచుకుంది. కాసేపటికి ఆవు తడబడుతూ లేచి, దూడ కోసం తల తిప్పింది.

తెల్లారి మా పెద్దపిల్లలిద్దరూ జున్ను కోసం గిన్నెలు పట్టుకుని వచ్చారు. కూర్చోబెట్టి చెప్పాను: "ఈ రోజు దూడ తాగినంక కొంచెమే తీస్తం. మిగిలింది పొదుగులనే ఉంచాలె. జున్నుకు ఎవరన్నా వస్తే, మా ఆవుకు బాగలేదు, ఈసారి ఇయ్యలేమని చెప్పుండ్రి. మీ నాయిన అడిగినా గంతే చెప్పుండ్రి."