ఇద్దరు రాజుల నాణెం

నేను బొగ్గు గనిలో ఫిట్టర్‌ని. థాయ్‌లాండ్ ఎన్నడూ చూడలేదు. అయినా పదేళ్లుగా ఆ దేశపు పాత రాజుల జ్ఞాపకార్థం వేసిన నాణేలు పోగుచేస్తున్నాను. కరీంనగర్‌లో పాత నాణేల దుకాణంలో ఒకటి చూసి మనసుపడ్డాను, అంతే. వాటి మీది అక్షరం ఒక్కటీ చదవలేను. మీసాలను బట్టి, కళ్లజోడును బట్టి రాజులను గుర్తుపడతాను.

మీసాల తాత, కళ్లజోడు మనవడు, ఇద్దరు రాజులూ పక్కపక్కన ఉన్న నాణెం మాత్రం ఎంతకీ దొరకలేదు. గని నుంచి బ్యాంకాక్ పోయినవాళ్లందరికీ చెప్పాను. కొందరు ఫ్రిజ్‌కు అంటించే బొమ్మలు తెచ్చారు. ఎక్కువమంది నవ్వి ఊరుకున్నారు.

పోయిన ఎండాకాలం పెద్దపల్లిలో వ్యవసాయం చేసుకునే మా బామ్మర్ది దోస్తులతో బ్యాంకాక్ బయలుదేరాడు. కాగితం మీద నాణెం బొమ్మ గీసి, కొలతతో సహా ఇచ్చాను. తిరిగొచ్చినవాడు నేరుగా మా క్వార్టర్‌కే వచ్చి అంగీ గుండీ విప్పాడు. మెడలో గొలుసు. గొలుసుకు నా నాణెం. రెండు తలల మధ్య బెజ్జం.

"మా వాళ్లంత సముద్రం కాడికి పోయిండ్రు బావా, నేను పోలే. దీని కోసమే తిరిగిన. జేబుల పెడితే యాడ పడిపోతదో అని అక్కడనే బెజ్జం కొట్టిచ్చి మెడల ఏసుకున్న."

నడిచి నడిచి అతని కాళ్లు వాచి ఉన్నాయి. మంచిగుందన్నాను. ఆ పూట తిన్న కోడికూర రుచి నాకు తెలియలేదు.

తర్వాత రోజూ డ్యూటీ దిగి రాగానే భూతద్దం పెట్టి చూసేవాణ్ణి. బెజ్జం అంచు తాత జుట్టును చీల్చేసింది. ఆ కోపం పప్పులో ఉప్పు మీద, చివరికి నా భార్య మీద చూపేవాణ్ణి. ఆమె విసిగి తమ్ముడికి అసలు సంగతి చెప్పేసింది. అతను ఫోన్ చేశాడు.

"బెజ్జం కొట్టద్దని ముందుగాల్నే చెప్పద్దా బావా?"

అన్నీ చెప్పాను, అదొక్కటే తోచలేదు. ఎవరికి తోస్తుంది?

ఆ తర్వాత అతను చాలా రోజులు మా ఇంటికి రాలేదు. బతుకమ్మకు అక్కను తీసుకుపోవడానికి వచ్చి, నాణెం ఇమ్మన్నాడు. నగలు చేసే అవుసలాయనతో బెజ్జం పూడిపిస్తాడట. పూడిస్తే ఇంకా పాడవుతుందని మళ్లీ నొప్పించకుండా ఎలా చెప్పాలో తెలియలేదు. అల్మారా తాళంచెవి కనబడడం లేదని అబద్ధం చెప్పాను. పాపం, అతను గంటసేపు ఇల్లంతా వెతికాడు.