నేను పెద్దనాయినకు గడ్డం గీసిన రోజు

నా చిన్నప్పుడు నేర్చుకున్న పనుల్లో ఆడపిల్ల నేర్చుకోకూడదని అందరూ అన్న పని ఒకటుంది. అది మగవాళ్ళకు గడ్డం గీయడం. ఇప్పటికీ మా ఆయన అద్దం ముందు నిలబడి, పొడి మొహానికి ఇంత నురగ పూసుకొని బరబరా గీసుకుంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ముందు వేడినీళ్ళలో పిండిన గుడ్డ మొహం మీద పెట్టాలి. వెంట్రుక నానాలి. అది ఎటు వాలి ఉందో వేళ్ళతో తడిమి చూసుకొని, అటే గీయాలి. పెళ్ళయిన కొత్తలోనే చెప్పాను. ఆయన వినడు. రక్తం వచ్చాక పటిక ఎక్కడ పెట్టావని నన్నే అడుగుతాడు.

మాది దేవరకొండ వైపు మెట్ట పల్లె. అప్పట్లో ఊరందరికీ ఒక చేదబావి, తర్వాత ఒక బోరింగు. నీళ్ళు తేటగా ఉండేవి, రుచికీ లోటు లేదు. ఆ నీళ్ళే మా ఊరి మనుషుల ఎముకలను వంచేశాయి. దాన్ని ఫ్లోరైడు అంటారని మాకు తెలిసేసరికి చాలామంది వంగిపోయారు. అందరికంటే ఎక్కువ వంగింది మా బాపు వాళ్ళ అన్న, మా పెద్దనాయిన. పెద్దమ్మ పోయాక ఆయన మా ఇంట్లోనే ఉండేవాడు. మెడ బిగుసుకుపోయి గదవ రొమ్ముకు ఆనేది. మోచేతులు సాగేవి కావు, చెయ్యి మొహం దాకా అందేది కాదు. ఒకప్పుడు గడ్డం గీయించుకోకుండా అంగడికి పోని మనిషి ఆయన.

ఊళ్ళో అందరికీ క్షవరం చేసే మంగలి తాతే ఆయనకూ గీసేవాడు. మెడ ఎత్తలేని మనిషికి గదవ కింద గీయడం ఎంత కష్టమో గీసినవాళ్ళకే తెలుస్తుంది. తాతకు చూపు కూడా మందగించింది. ఒకరోజు కత్తి లోతుగా దిగి, అంగీ ముందు భాగమంతా రక్తమైంది. తాత కత్తి కింద పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇగ నాతోని గాదయ్యా. చెయ్యి వణుకుతాంది" అన్నాడు. తర్వాత, నీళ్ళ గిన్నె పట్టుకొని కూర్చున్న నా వైపు చూసి, "గీ పోరి వేళ్ళు సన్నగున్నయి. దీనికి నేర్పుత" అన్నాడు.

అమ్మ గయ్యిమంది. ఆడపిల్ల మగవాళ్ళ గడ్డం గీకుడేందని రెండు రోజులు సణిగింది. బాపు వేళ్ళు కూడా అప్పటికే బిగుసుకోవడం మొదలైంది కాబట్టి ఆమెకు వేరే దారి దొరకలేదు. నాకు పదకొండేళ్ళు.

తాత నాకు ముందు మనిషి మొహం ఇవ్వలేదు. మా దడి మీద పాకిన పాదు నుంచి లేత సొరకాయ తెంపి, సబ్బు నురగ పూసి, బ్లేడు బిగించిన రేజరు చేతికిచ్చాడు. "నూగంత పోవాలె. తోలు మీద గీత పడొద్దు. పడ్డదా, గది మీ పెద్దనాయిన మొఖమే అనుకో" అన్నాడు. మొదటి కాయ మీద ఎన్ని గీతలు పడ్డాయో చెప్పలేను. రేజరును నొక్కకూడదు, దాని బరువే దానికి చాలు. ఎడమచేతి బొటనవేలితో తోలు బిగబట్టాలి. ఒక్కసారి లాగగానే బ్లేడు నీళ్ళలో ఆడించాలి. గీసిన చోట మళ్ళీ గీయాలంటే మళ్ళీ నురగ పూయాలి. ఇవన్నీ సొరకాయల మీదే నేర్చుకున్నాను. ఆ నెలంతా మా ఇంట్లో సొరకాయ కూరే. చివరికి తాత తన దవడే నాకు అప్పగించి కళ్ళు మూసుకున్నాడు. ఒకచోట తెగింది. ఆయన కళ్ళు తెరవకుండానే రెండో దవడ తిప్పాడు. ఇంత నమ్మకం నా మీద ఇంకెవరూ పెట్టుకోలేదు.

ఈలోగా పెద్దనాయినకు రెండు నెలల గడ్డం పెరిగింది. అప్పుడే పట్నం నుంచి ఆఫీసరు సార్లు వస్తున్నారని తెలిసింది. వంగిపోయిన మనుషులను చూసి, మా ఊరికి వేరే నీళ్ళు తెప్పించాలో వద్దో రాసుకొని పోతారట. ముందురోజు సర్పంచు మా ఇంటికి వచ్చాడు. చెడ్డవాడు కాదు, ఊరి కోసమే వచ్చాడు.

"అన్నా, గడ్డం గట్లనే ఉండనియ్యి. చినిగిన అంగి తొడుక్కో. నిన్ను జూస్తె సార్ల మనసు కరగాలె" అన్నాడు.

పెద్దనాయిన తల ఎత్తలేడు కదా, నేల చూస్తూనే విన్నాడు. తెల్లారాక నన్ను పిలిచాడు.

"ఏమే, సొరకాయలే గీకుతవా, నా మొఖం గీకేదుందా?" అన్నాడు.

ఆయనను ఎత్తు పీట మీద కూర్చోబెట్టి, నేను కింద ఆయన కాళ్ళ దగ్గర కూర్చొని పైకి చూస్తూ గీశాను. ముందు కత్తెరతో తగ్గించాను. వేడిగుడ్డ మూడుసార్లు పెట్టాను. గదవ కింద రెండు వేళ్ళు మాత్రమే పట్టే సందు. అక్కడ పైనుంచి కిందికి లాగే వీలు లేక, చెవి దిక్కు నుంచి గొంతు వైపు అడ్డంగా లాగాను. ఎక్కడా చుక్క రక్తం రాలేదు. అద్దం ఆయన ఒళ్ళో పెట్టాను, కిందికి తప్ప చూడలేడు కాబట్టి. చాలాసేపు చూసుకున్నాడు.

"మల్ల మనిషినైన బిడ్డా" అన్నాడు.

తెల్ల అంగీ తొడుక్కొని బడి దగ్గరికి వచ్చాడు. అందరినీ వరుసగా కూర్చోబెట్టారు. పెద్ద సారు ఒక్కొక్కరి ముందు ఆగుతూ వచ్చాడు. చినిగిన బట్టల ముందు ఎక్కువసేపు ఆగాడు. మా పెద్దనాయిన దగ్గరికి వచ్చేసరికి, "ఈయన్ని ఇంట్లో బాగానే చూసుకుంటున్నారు" అని మెచ్చుకొని ముందుకు పోయాడు. ఊరి తరఫున అడగాల్సిన మాటలు పెద్దనాయిన రాత్రంతా కూడబెట్టుకున్నాడు. "సారూ" అని పిలిచాడు. మెడ తిప్పలేడు, ఎవరు ఎటు పోయారో కనబడదు. సారు అప్పటికే అవతల నాలుగో మనిషి దగ్గర ఉన్నాడు. పెద్దనాయిన మాత్రం నేల చూస్తూ, మా ఊరి నీళ్ళ సంగతంతా చెప్తూనే ఉన్నాడు.

నీళ్ళు రాలేదు. తప్పంతా ఆ గడ్డం మీద పడింది. బోరింగు దగ్గర ఆడవాళ్ళు నా మొహం మీదే అన్నారు, నేను రేజరు పట్టకపోతే ఊరు బాగుపడేదని. ఏడ్చుకుంటూ ఇంటికి పోయి పెద్దనాయినకు చెప్పాను.

"నేను బిచ్చమెత్తనీకి పోలే బిడ్డా. మంచినీళ్ళియ్యున్రి అని అడగనీకి పోయిన. గట్ల అడిగేటోని మొఖం సాఫుగుండాలె" అన్నాడు.

ఆ మాటను నేను గట్టిగా పట్టుకున్నాను. ఆయనే వదిలేశాడు. ఊరంతా కలిసి వదిలేలా చేసింది. మరుసటేడు మళ్ళీ ఎవరో వస్తున్నారని తెలిసి, సర్పంచు రెండు నెలల ముందే వచ్చి చెప్పిపోయాడు. వేడినీళ్ళు పెట్టుకొని పోతే, "ఈసారి వద్దులే బిడ్డా" అని పెద్దనాయిన నా చేతిలోని గిన్నె వైపు కూడా చూడలేదు. మాసిన గడ్డంతో, చినిగిన అంగీతో పోయి కూర్చున్నాడు. ఈసారి అందరూ ఆయన ముందే ఆగారు. ఫోటో తీసుకున్నారు, పేపర్లో వేశారు. నీళ్ళు అప్పుడూ రాలేదు.

ఆ ఎండాకాలమే ఆయన పోయాడు. చివరిసారి గడ్డం గీస్తానని రేజరు తెస్తే, శవాన్ని ఆడపిల్ల ముట్టొద్దని పెద్దలు గుంజేసుకున్నారు. సర్పంచు మీద, సార్ల మీద వచ్చిన కోపం నాకింకా పోలేదు. నిజం చెప్పాలంటే పెద్దనాయిన మీద కూడా పోలేదు.

తెలంగాణ వచ్చాక కొన్నేళ్ళకు మా ఊరికి ఇంటింటికీ నల్లా వచ్చింది. మంచిదే, నేనూ ఆ నీళ్ళే తాగుతున్నాను. మొదలుపెట్టిన రోజు బడి ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఒకపక్క నల్లా, దాని మీద 'ఇప్పుడు' అని. ఇంకోపక్క మాసిన గడ్డంతో మా పెద్దనాయిన, ఆయన మీద 'అప్పుడు' అని. జనం చప్పట్లు కొట్టారు. నా మనవడు నా కొంగు లాగి, "అమ్మమ్మా, గీ ముసలాయన ఎవరు?" అన్నాడు.

మా ఇంట్లో ఎవరు ఆఫీసుకు పోయినా, దవాఖానకు పోయినా, ఏదైనా అడగడానికి పోతున్నారంటే గడ్డం గీసుకోనిదే గడప దాటనివ్వను. చాదస్తమని నవ్వుతారు, నవ్వనీ. మా పెద్దనాయిన అంటే అందరికీ ఆ ఫ్లెక్సీ మీది మొహమే. నేను గీసిన రోజు ఎవరూ ఫోటో తీయలేదు. ఆ నున్నటి మొహం నా వేళ్ళకు మాత్రమే తెలుసు. నేను పోయిన రోజు అది కూడా పోతుంది.