మొరప్పూర్ నుంచి తెచ్చిన తోడు

1985. ధర్మపురి జిల్లాలో కడత్తూరు దగ్గర ఒక చిన్న పల్లె. నేను అప్పుడు బ్లాక్ ఆఫీసులో గ్రామసేవికను. పల్లెల్లో ఆడవాళ్ళకు పిల్లల ఆహారం గురించి, శుభ్రత గురించి చెప్పడం మా పని. ఆ ఏడు దానికి బయోగ్యాస్ కూడా కలిపారు. పత్రిక తెరిస్తే అదే వార్త. పశువుల పేడతో ఇంట్లో నీలి మంట వస్తుందట, కొండల మీద చెట్లు మిగులుతాయట, వంటింట్లో పొగే ఉండదట. ట్రైనింగ్ అయిన రోజునుంచే నాకు దాని పిచ్చి పట్టింది. బస్సులో పక్క సీటావిడకు కూడా చెప్పేదాన్ని. మా ఇంట్లోవాళ్ళయితే నేను ఆ మాట ఎత్తగానే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయేవారు.

ఆ పల్లెలో నా మాట విన్న మొదటి మనిషి మునిరత్నం. తరతరాలుగా అక్కడే సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అతను విన్నది పత్రిక వార్త చూసి కాదు, భార్య మంగమ్మ దగ్గు చూసి. కట్టెపొయ్యి ఊది ఊది ఆమె ఊపిరి పాడైంది. ఇంక పొగ తగిలితే తన చేతుల్లో ఏమీ ఉండదని హరూర్ డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఆ ఇంట్లో మూడో మనిషి మునిరత్నం తల్లి నరసమ్మ. ఆమెకు కళ్ళు సరిగ్గా ఆనవు, పొయ్యి దగ్గరికి వెళ్ళలేదు. మంగమ్మ వండకపోతే వండేవాళ్ళు లేరు.

ప్లాంటు అంటే పెద్ద యంత్రమేమీ కాదు. బావిలాంటి ఇటుక గుంత. దాన్ని డైజెస్టర్ అంటాం. పేడ, నీళ్ళు సమంగా కలిపిన చిక్కటి ద్రవం స్లర్రీ. కొట్టం పక్కనున్న ఇన్‌లెట్ అనే తొట్టిలో దాన్ని పోస్తే గుంతలోకి దిగుతుంది. అక్కడ గాలి తగలకుండా పులిసి గ్యాస్ పుడుతుంది. గుంత మీద బోర్లించిన ఇనుప డ్రమ్ము గ్యాస్ నిండేకొద్దీ పైకి లేస్తుంది. డ్రమ్ము లేచిందంటే మంట ఉన్నట్టు, కూర్చుందంటే లేనట్టు.

మొదటిసారి మంట వెలిగించిన రోజు నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. నీలంగా, చప్పుడు లేకుండా, గిన్నె అడుగుకు మసి అంటకుండా మండింది. మంగమ్మ దాని ముందు కూర్చుని పాలు కాచింది. ఊదాల్సిన పనిలేక చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే చూస్తూ ఉండిపోయింది. ఆ వారమంతా జనం ఒకటే రాక. "సాణి గ్యాస్" చూడాలని కడత్తూరు నుంచి కూడా వచ్చారు. సాణి అంటే తమిళంలో పేడ. పక్క ఇళ్ళవాళ్ళు మాకూ కావాలని నా వెంట పడ్డారు. నా కాళ్ళు నేలమీద లేవు.

కొన్ని వారాలకు మునిరత్నం బ్లాక్ ఆఫీసుకు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీ డ్రమ్ము పండుకొనింది మేడం. లేసేదే లేదు. మంగ మళ్ళ కట్టెపొయ్యి ముట్టిచ్చింది. దగ్గుకు నిద్ర లేదు దానికి."

"నేను వచ్చి చూస్తాను."

"చూడండి. అమావాస్య దాకా చూస్తాను. అప్పటికీ లేయకుంటే గుంత పూడ్చేసి డ్రమ్ము పాత ఇనుముకు ఏసేస్తాను. ఊరంతా నగుతాండారు."

కావాలన్న పక్కిళ్ళవాళ్ళు అప్పటికే మొహం చాటేశారు. నాకు నిజంగా దిగులు పట్టింది. ఊరు నవ్వితే నవ్వనీ అనుకోవచ్చు. కానీ మంగమ్మకు పొగలేని పొయ్యి చూపించి మళ్ళీ లాక్కున్నట్టయింది.

మరునాడే వెళ్ళాను. గ్యాస్ రాకపోతే చూడాల్సినవి కొన్ని ఉంటాయి. పైపులో ఆవిరి నీళ్ళుగా చేరి గ్యాస్‌కు దారి మూసేస్తుంది, ఆ నీళ్ళు వదిలాను. డ్రమ్ము అతుకుల మీద సబ్బు నురుగు రాశాను, బుడగ రాలేదు కాబట్టి కారడం లేదు. పేడ తక్కువ వేస్తున్నారా అంటే అదీ కాదు. చివరికి స్లర్రీలో లిట్మస్ కాగితం ముంచాను. నీలం కాగితం ఎర్రబడింది. అంటే లోపల పులుపు ఎక్కువైంది. గుంతలో కంటికి కనబడని సూక్ష్మజీవులు రెండు రకాలు. ఒక రకం పేడను పులియబెడుతుంది, ఇంకో రకం ఆ పులుపును తిని మీథేన్ అనే మండే గ్యాస్ ఇస్తుంది. రెండో రకం నాజూకు. అవి చస్తే పులుపు మిగిలిపోతుంది. అవి ఎందుకు చచ్చాయో నాకు అంతుబట్టలేదు.

కొట్టం వైపు తిరిగేసరికి ఆస్పత్రి వాసన కొట్టింది. నేల అద్దంలా ఉంది. అంత శుభ్రమైన పశువుల కొట్టం నేను ఆ తాలూకాలో చూడలేదు. కొట్టం కడిగిన నీళ్ళు వృథా కాకుండా కాలువ గుండా నేరుగా ఇన్‌లెట్‌లోకి వచ్చేలా మేమే కట్టించాం. ఆ కాలువలో నీళ్ళు పాలలా తెల్లగా ఉన్నాయి.

"అవ్వా, ఈ తెల్లనీళ్ళు ఏమిటివి?"

నరసమ్మ కొంగు సర్దుకుని గర్వంగా చెప్పింది. "ఫినాయిలు అమ్మణ్ణీ. హరూరు నుంచి తెప్పించినాను. దినామూ ఇంతమంది వచ్చి పోతాండారు, ఆఫీసరు దొరలు కూడా వస్తారంట. సాణి కంపు కొడితే మన మర్యాద ఏమి కావాల? పొద్దున ఒకతూరి, సాయంత్రం ఒకతూరి నేనే నిలబడి కడిగిస్తాను."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వచ్చిపోయేవాళ్ళ ముందు ఇల్లు శుభ్రంగా ఉండాలని ఆవిడ పోసిన మందు గుంతలో ఆ నాజూకు ప్రాణాలను తీసేసింది. ఆ మాట ఎలా చెప్పాలి? లిట్మస్ కాగితం చూపిస్తే ఆమెకు కనబడదు. మీథేన్ అంటే నా మొహం చూస్తుంది. కాసేపు అరుగు మీద కూర్చుని ఆలోచించి అడిగాను.

"అవ్వా, రాత్రి పాలు తోడు పెడతావు కదా. ఆ తోడులో రెండు చుక్కలు ఫినాయిల్ పడితే?"

"అయ్యో, పెరుగు ఎట్ల పేరుకుంటాది? తోడు సచ్చిపోదా?"

"గుంతలో జరిగేదీ అదే."

ఆమె గుంత వైపు తల తిప్పింది. "అంటే లోపల పానం ఉండాదా?"

"ఉంది. నిన్న మొన్నటిదాకా."

"ఇంత సేపూ మిషను అనుకున్నానే." అని నుదురు కొట్టుకుంది. "నా కోడలు కోసరం కట్టిన దాన్ని నేనే సంపుకొన్నానా?"

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని, నేను చెప్పబోయేదాన్ని తనే అడిగింది. "మళ్ళ తోడు యాడ దొరుకుతాది? బాగుండే ఇంట్లోనుంచి తెచ్చుకొంటే సరిపోదా?"

అంతే, నాకు ప్రాణం లేచొచ్చింది. మా భాషలో దాన్ని సీడింగ్ అంటాం. బాగా పనిచేస్తున్న గుంతలోని స్లర్రీ తెచ్చి చచ్చిన గుంతలో కలపడం. మొరప్పూర్ దగ్గర ఒక రైతు ప్లాంటు దివ్యంగా నడుస్తోంది. పాడైన స్లర్రీ సగానికి పైగా తోడెయ్యమని, కాస్త సున్నపు తేట పోసి పులుపు తగ్గించమని చెప్పి, మరునాడు పొద్దున్నే ఒక ప్లాస్టిక్ డబ్బాతో మొరప్పూర్ పోయాను. డబ్బా నింపి, ఒలకకుండా మూత బిగించి, రైల్వే స్టేషన్ దగ్గర ఎండలో బస్సు కోసం నిలబడ్డాను. బస్సు రావడానికి చాలాసేపు పట్టింది.

కండక్టరు డబ్బా చూసి "ఎన్నమ్మా ఇదు?" అని తమిళంలో ఏమిటిదని అడిగాడు.

"తోడు" అన్నాను. అబద్ధం కాదు కదా.

సగం దూరం పోయాక డబ్బా పొట్ట ఉబ్బింది. నేను చూసి మూత మీద చెయ్యి వేసేలోపే ఢామ్మని ఎగిరి బస్సు కప్పుకు తగిలింది. నా చీర, పక్కావిడ చీర, కండక్టరు చొక్కా, అన్నీ పచ్చగా తడిసాయి. వచ్చిన తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు. నన్నూ డబ్బానూ కడత్తూరుకు ఇవతలే దింపేసి బస్సు వెళ్ళిపోయింది. రోడ్డు మీద నిలబడి పగలబడి నవ్వాను. ఆ మూత ఎగిరినప్పుడు కలిగినంత ఆనందం నాకు ఇంకెప్పుడూ కలగలేదు. అంత బలంగా బతికి ఉంది అది.

అడుగున మిగిలినదాన్ని మోసుకుని ఆ అవతారంతోనే పల్లెకు నడిచాను. మునిరత్నం నన్ను చూసి హడలిపోయాడు.

"ఏమయింది మేడం? ఎద్దు తోసిందా?"

"మూత ఎగిరింది. ఇంతసేపు మూసిపెట్టినందుకే డబ్బాలో గ్యాస్ పుట్టి మూతను బస్సు కప్పుకు కొట్టింది."

అతను డబ్బా అందుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. లోపల చిన్నగా బుడగల చప్పుడు. తల్లికి కూడా వినిపించాడు. నేను అన్నాళ్ళు చెప్పిన సైన్సంతా చేయలేని పని ఆ చప్పుడు చేసింది. "ఒక డబ్బా యాడ సాలుతాది?" అని అప్పుడే బండికి ఎద్దులు కట్టాడు. మొరప్పూర్ నుంచి పీపాల నిండా తెచ్చాడు, ఈసారి మూతలు వదులుగా పెట్టి. కొట్టం కడిగిన నీళ్ళు గుంతలోకి పోకుండా కాలువకు అడ్డంగా రాయి పెట్టారు. ఫినాయిల్ సీసాను నరసమ్మే ఎవరికో ఇచ్చేసింది.

అమావాస్య వచ్చింది. ఆ పొద్దున నేను వెళ్ళేసరికి మునిరత్నం పార చేతబట్టుకుని గుంత దగ్గర నిలబడి ఉన్నాడు. గుంత పూడ్చడానికే అనుకున్నాను. అతను పార కర్రతో డ్రమ్మును చూపించాడు. బెత్తెడు పైకి లేచింది. గుంత చుట్టూ పడిన పేడ ఎత్తడానికి పార తెచ్చాడట. మొదట వచ్చే గ్యాస్‌లో మండనిది కలిసి ఉంటుందని దాన్ని వదిలేయించాను. రెండోసారి లేచినప్పుడు మంగమ్మ అగ్గిపుల్ల గీసింది. నీలి మంట నిలబడింది. నరసమ్మ మంటకు దగ్గరగా అరచెయ్యి పెట్టి, వెచ్చగా తగిలాక, కోడలి వీపు నిమిరింది.

ఆ తర్వాత ఊళ్ళో అడిగేవాళ్ళకు నేను చెప్పాల్సిన పనే లేకపోయింది. "లోపల పానం ఉండాది. తోడులో పడనీయని మందు దాంట్లోనూ పడనీయొద్దండి" అని నరసమ్మే అందరికీ చెప్పేది. నేను కూడా ఆమె మాటే పట్టుకున్నాను. ఏ ఊళ్ళో మీటింగ్ పెట్టినా గ్యాస్ జోలికి పోకుండా ముందు పాలు, తోడు గురించి మొదలుపెట్టేదాన్ని.

మరుసటి నెల ఆ ఇంటికి తనిఖీకి వెళ్ళాను. డ్రమ్ము నిండుగా లేచి ఉంది, నా పని అయిపోయింది. మంగమ్మ వదల్లేదు, సంగటి తినిపోవాలంది. రాగిపిండి కెలుకుతూ కబుర్లు మొదలుపెట్టింది. పుట్టింటి సంగతి, చెల్లెలి పెళ్ళి సంగతి, సంతలో ఎవరో తనను మోసం చేయబోయిన సంగతి, అన్నీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. నేను బస్సు తప్పిపోతుందని వాకిలి వైపు చూస్తూ ఊ కొట్టాను. బస్సెక్కి కూర్చున్నాక తెలిసొచ్చింది, అంతసేపూ ఆమె ఒక్కసారీ దగ్గలేదు.

నేను రిపోర్టులో రాసుకున్నది డ్రమ్ము బాగుందని మాత్రమే. నాకు చెప్పలేనంత సంతోషం, నా మీద నాకే కాస్త కోపం కలిగాయి. అప్పటినుంచి ఏ ప్లాంటు చూడడానికి వెళ్ళినా డ్రమ్ము దగ్గరికి తర్వాతే వెళ్ళేదాన్ని. ముందు వంటింట్లో పీట వేసుకుని, ఆ ఇంటి ఇల్లాలిని మాట్లాడనిచ్చేదాన్ని.