గేటు వేసేలోపల

కరోనా వచ్చిన ఏడు, అబుదాబిలో ఐకాడ్ అనే పారిశ్రామిక వాడలోని మా లేబర్ క్యాంపును మూసేస్తారని నాకు ఒక పూట ముందే తెలిసింది. క్యాంప్ బాస్ నా చెవిన వేశాడు. "రేపు పొద్దున్నుంచి ఎవరూ బయటికి పోకూడదు. ఒకరికి కరోనా తేలింది."

నేను పద్దెనిమిది మంది వెల్డర్లకు ఫోర్‌మన్‌ని. కడప, నెల్లూరు వైపు వాళ్ళు. సగం మందిని ఊరి నుంచి పిలిపించింది నేనే. వాళ్ళకు ఆ మాట చెప్పలేదు. "ఆఫీసు పనుంది, సాయంత్రానికి వస్తా" అని సంచి భుజాన వేసుకుని, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మా చిన్నమ్మ కొడుకు ఇంటికి పోయాను. బయటుంటేనే వాళ్ళకు బియ్యం, మందులు పంపగలనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పంపాను కూడా. కానీ పోయింది అందుకు కాదు, భయమేసి.

నెలకు పైగా వాళ్ళు లోపలే ఉన్నారు. వాళ్ళలో పెద్దవాడు, నెల్లూరాయన, ఆయాసంతో ఆసుపత్రి పాలై ఎట్లాగో బతికాడు. నేను తిరిగొచ్చాక ఎవరూ ఏమీ అనలేదు. అంతవరకు "అన్నా" అన్నవాళ్ళు "ఫోర్‌మన్ సాబ్" అనడం మొదలుపెట్టారు.

రెండేళ్ళ తర్వాత ఒకరోజు టీ తాగుతూ మా సేఫ్టీ మేనేజరు, ఆస్ట్రేలియా ఆయన, వాళ్ళ తాత సంగతి చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూర్ జపాన్‌కు లొంగిపోయినప్పుడు ఆ తాత అక్కడ సిపాయి. వాళ్ళ జనరల్ మొదటి యుద్ధంలో ధైర్యానికి పేరు మోసినవాడు, నోటి దురుసు మనిషి. లొంగుబాటు జరిగిన రాత్రే ఆయన కొందరు అధికారులతో తప్పించుకుని పడవెక్కాడు. వేలమంది సైనికులు బందీలయ్యారు. శత్రువుతో ఎలా పోరాడాలో దేశానికి చెప్పడానికే వచ్చానన్నాడట. మళ్ళీ ఆయన్ను యుద్ధానికి పంపలేదు. యుద్ధం అయ్యాక విచారణ జరిపి, అలా రావడం సరికాదని తేల్చారు.

"మీ తాత తిట్టుకునేవాడా?" అని అడిగాను.

"లేదు. చచ్చేదాకా ఆయన్ను వెనకేసుకొచ్చాడు. మా నాయనమ్మ మాత్రం ఆ పేరు ఇంట్లో ఎత్తనిచ్చేది కాదు."

ఆ జనరల్‌కు చెప్పుకోవడానికి ఒక యుద్ధమైనా ఉంది.

ఆ వారం సెలవు రోజున నెల్లూరాయన గదికి పోయాను. ఆయన పప్పు ఎనుపుతున్నాడు.

"మామా, ఆ రోజు ఆఫీసు పని లేదు. గేటు వేస్తారని తెలిసే పోయినా."

ఆయన తలెత్తలేదు. "తెలుసులేబ్బా. ఆఫీసు పనికి ఎవురైనా దుప్పటి తీసుకుపోతారా?"

"మరి ఒక్క మాటైనా అనలేదే."

"పిల్లోళ్ళు బెదిరిపోతారని, సామాన్ల కోసం పోయినావని నేనే చెప్పినా. వాళ్ళు నమ్మలేదనుకో." గిన్నె దించాడు. "చెప్పి పోయుంటే సరిపొయ్యేది. పోవద్దని ఎవురన్నారు?"

అన్నం పెడితే తల వంచుకుని తిన్నాను.

ఆ తర్వాత ఇంకో నలుగురికి చెప్పాను. ఒకడు ముఖం తిప్పుకున్నాడు. మిగతావాళ్ళలో కొందరు ఖతార్ పోయారు, కొందరి నంబర్లు మారిపోయాయి. నా పక్క గదిలోనే ఉండే ఇద్దరికి చెప్పడానికి మాత్రం ఇంతవరకు నాకు నోరు రాలేదు.