పక్కింటి మంచం కింద బ్యాగు

పోయిన మంగళవారం పొద్దున కుప్పం నుంచి ఫోను వచ్చింది. మా పక్కింటి నర్సమ్మ పోయిందని ఆమె కూతురు చెప్పింది. పది రోజులు ఉండి వస్తానని కూతురింటికి వెళ్లిన మనిషి, కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చుని అట్లాగే ఒరిగిపోయిందట. గ్లాసు కడిగే పోయిందని విన్నప్పుడు ఏడుపు మధ్యలో నాకు నవ్వు కూడా వచ్చింది. ఎంగిలి గ్లాసు వదిలేసి పోయే మనిషి కాదు ఆమె.

ఫోను పెట్టేముందు ఆ అమ్మాయి ఒక మాట అడిగింది. "అక్కా, ఇంటి తాళం మీ దగ్గరే ఉండాది గదా. మంచం కింద ఒగ బ్యాగు ఉండాదంట. నిన్న గూడా అమ్మ దాని మాటే చెప్తాండింది. ఎవురిదో వాళ్లకు చేర్చేయక్కా."

ఎవరిదో నాకు తెలుసు. మా ఎదురు వరుసలో జాకెట్లు కుట్టే ఆమె కూతురు పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. తొమ్మిదో నెల నిండబోతోంది. తెలియనిదల్లా, ఆ బ్యాగును ఎక్కడికి చేర్చాలన్నదే. మా పుంగనూరు వీధిలో దాన్ని గడప దాటి లోపలికి రానిచ్చే ఇల్లు ఒక్క నర్సమ్మదే. ఇప్పుడా ఇంటికి తాళం పడుతోంది.

ఎందుకు రానివ్వరో చెప్పాలి. మా వైపు చాలా ఇళ్లలో, బిడ్డ పుట్టకముందు బిడ్డ గుడ్డ ఇంట్లోకి రాకూడదు. కొనకూడదు, కుట్టకూడదు, ఎవరైనా ప్రేమగా ఇచ్చినా పుచ్చుకోకూడదు. నొప్పులు మొదలయ్యాక మొగుడు ఆసుపత్రి బయట అంగళ్ల వెంట పరుగెత్తాలి. ఆ కంగారులో మా వీధిలో ఒకాయన ఏడాది బిడ్డకు సరిపోయే బూట్లు కొనుక్కొచ్చాడు. తువ్వాలు మాత్రం తేలేదు.

నర్సమ్మ మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రిలో ముప్పైయేళ్లు కాన్పుల వార్డులో నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక మా పక్కింట్లో దిగింది. ఈ ఆచారం తప్పు అని ఆమె ఎవరితోనూ వాదించలేదు. వాదించే తీరిక తనకు లేదనేది. "మీ ఇంట్లో కదా రాకూడదు, మా ఇంట్లోకి వస్తే మీకేం దోషం? ఈడ పెట్టండి" అన్నది. అంతే. అప్పటినుంచి మా వీధిలో కడుపుతో ఉన్న ఆడవాళ్ల బ్యాగులన్నీ ఆమె మంచం కింద కాపురం ఉన్నాయి. వాటి మీద పేరు రాయడానికి కూడా మావాళ్లకు భయమే. అందుకని ఎవరి బ్యాగు పిడికి వాళ్ల పాత చీర అంచు నుంచి చించిన పీలిక ఒకటి కట్టేది.

ఒకసారి ఆ పీలికలే ఆమె కొంప ముంచాయి. ఒకే ఇంటి తోడికోడళ్లు ఇద్దరూ ఒకేసారి కడుపుతో ఉన్నారు. ఇద్దరికీ పెళ్లికి పెట్టిన చీరలు ఒకే రంగు. పెద్ద కోడలు ఆసుపత్రికి పోతే వెంట చిన్న కోడలి బ్యాగు పోయింది. స్కానింగు కాగితాలు చూసిన డాక్టరమ్మ ఎవరి నెలలు ఎవరికి వేశారని కేకలేసింది. ప్రమాదమేమీ జరగలేదు. కానీ నర్సమ్మ ఆ సాయంత్రమే వాళ్ల గుమ్మంలో నిలబడి, అందరూ వినేటట్టు, "తప్పు నాదేనమ్మా" అన్నది. ఆ మాట అంత సులువుగా అనగలిగిన వాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు.

నా కథకు వస్తాను. నా మొదటి కానుపు ముందు నేను ఎవరికీ చెప్పకుండా మదనపల్లెలో ఒక చిన్న పసుపు గౌను కొన్నాను. చేతి వెడల్పు కూడా లేదు. బీరువాలో నా చీరల మధ్య దాచి, రోజుకొకసారి తీసి చూసుకునేదాన్ని. ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి గౌను బీరువాలో లేదు. అత్త ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది. నేనే చంపుకున్నానని మూడేళ్లు మనసులో అనుకుంటూ బతికాను.

మా అత్త పెద్దపంజాణి దగ్గర సేద్యం చేసుకునే వాళ్ల ఇంటి ఆడపిల్ల. పాము కనిపిస్తే కట్టె తీసుకుని ఎదురు పోయే మనిషి. అట్లాంటి మనిషి, నేను రెండోసారి నెల తప్పాక, వీధిలో పిల్లల బట్టలు అమ్మేవాడి అరుపు వినబడితే తలుపు వేసేది.

ఏడో నెలలో ఒక పొద్దున గోడ మీద తువ్వాలు ఆరేస్తూ నర్సమ్మ అడిగింది. "ఏమ్మే, బ్యాగు సర్దుదామా?" నాకు అక్కడే ఏడుపు వచ్చింది. గౌను సంగతి మొత్తం చెప్పేశాను. ఆమె తువ్వాలు దులిపి, గోడ మీద పరిచి, అప్పుడు నా వైపు తిరిగింది.

"నేను ముప్పైయేండ్లు కానుపు గదిలో ఉండాను. గౌన్లు కొన్నోళ్ల బిడ్డలూ బతికినారు, కొననోళ్ల బిడ్డలూ పోయినారు. నీ బిడ్డ గౌను వల్ల పోలేదు. ఇంగ ఆ మాట నువ్వు అనుకోగూడదు. అర్థమైందా?"

అర్థమైందన్నాను. నిజానికి ఆ రోజు అర్థం కాలేదు. కానీ మూడేళ్లలో మొదటిసారి ఒకరు నా ఎదురుగా నిలబడి ఆ మాట గట్టిగా అన్నారు. అందుకు నేను ఆమెకు చచ్చేంతవరకు రుణపడి ఉంటాను.

మధ్యాహ్నాలు అత్త నిద్రపోయే వేళ నేను పక్కింటికి పోయేదాన్ని. అక్కడ బ్యాగు సర్దడం అంటే చిన్న విషయం కాదు. కొత్త గుడ్డ ఒక్కటి కూడా పనికిరాదు. "కొత్తదానికి గంజి ఉంటాది, బిడ్డ తోలు తట్టుకోదు" అనేది. పాత నూలు చీరలు చించి, ఉడకబెట్టి, మంచి ఎండలో ఆరేసి, మడతపెట్టాలి. ముందు బొత్తాలున్న నైటీలు, ప్యాడ్లు, ఫ్లాస్కు, స్టీలు గ్లాసు, ఆధార్ జిరాక్సు, స్కానింగు కాగితాలు, రక్తం గ్రూపు చీటీ. తోడు వచ్చే వాళ్లకు బిస్కెట్లు, ఎందుకంటే వాళ్ల ఆకలి ఎవరికీ గుర్తుండదు. ముక్కుపుడక, గాజులు ఇంట్లోనే తీసేసి రావాలి. గోళ్లు కత్తిరించుకోవాలి. ఇవన్నీ వేళ్ల మీద లెక్కపెడుతూ చెప్పేది. వాచీ ముఖం మణికట్టు లోపలివైపుకు తిప్పి పెట్టుకునే అలవాటు ఆమెకు రిటైరయ్యాక కూడా పోలేదు.

అన్నిటికంటే పెద్ద పాఠం వేరే ఉంది. నేను నాకు వీలుగా సర్దుకుంటుంటే ఆమె నా చేయి పట్టుకుని ఆపింది. "బ్యాగు తెరిసేది నువ్వు కాదమ్మే. నువ్వు లోపల టేబులు మీద ఉంటావు. తెరిసేది మీ ఆయన. ఆ పొద్దు ఆయప్పకు ఆధార్ కార్డు ఏదో, అట్టపెట్టె ఏదో తెలీదు. ఆయప్ప చేతికి దొరికేటట్టు సర్దల్ల." లోపలి నుంచి నర్సు మొదట అడిగేది పైన. తర్వాత అడిగేది దాని కింద. వార్డులోకి వచ్చాక కావలసినవి అడుగున. కాగితాలు పక్క జేబులో. "ఇది కానుపు కోసం కాదు, కంగారు కోసం సర్దే బ్యాగు" అన్నది.

సర్దాక పరీక్ష. ఆదివారం మా ఆయనను పిలిపించి, నేల మీద కూర్చోబెట్టి, ముందు బ్యాగు పెట్టి, "కండ్లు మూసుకోని బిడ్డ గుడ్డ తీయప్పా" అన్నది. బ్యాంకులో పనిచేసే మా ఆయన మొదటిసారి ఫ్లాస్కు తీశాడు. రెండోసారి ఫోను చార్జరు తీశాడు.

"బిడ్డను చార్జరుతో చుడ్తావా నాయనా?"

"కండ్లు తెరిస్తే తీస్తాను గదమ్మా!"

"ఆ పొద్దు నీ కండ్లు తెరిసే ఉంటాయి, ఏమీ అగుపడదు. మల్లీ తీయ్."

నాలుగోసారికి సరిగ్గా తీశాడు. అప్పుడే కాఫీ ఇచ్చింది.

నాకు నొప్పులు మొదలైంది ఆదివారం పొద్దున, చెప్పిన తేదీకి రెండు వారాల ముందు. నర్సమ్మ చర్చిలో ఉంది. తాళం ఆమె కొంగున ఉంది. మా ఆయన కారు కోసం పరుగెత్తాడు. బ్యాగు అక్కడుందని అత్తకు ఎట్లా చెప్పాలా అని నేను పళ్లు బిగబట్టి ఆలోచిస్తున్నాను. "గమ్మునుండు, నేను పోతాను" అంటూ అత్త అప్పటికే చెప్పులేసుకుంటోంది. ఎక్కడికని నేను అడగలేదు. చర్చి వాకిట్లో అత్త నిలబడగానే, ప్రార్థన మధ్యలో నర్సమ్మ లేచి వచ్చేసిందట. ఇద్దరూ ఆటోలో వచ్చి తాళం తీశారు. మా కారు కదిలేసరికి బ్యాగు అత్త ఒడిలో ఉంది.

మదనపల్లె ఆసుపత్రిలో లోపలి నుంచి బిడ్డ గుడ్డ అడిగితే మా ఆయన ఒక్క క్షణంలో తీసి ఇచ్చాడు. కండ్లు తెరిచే ఉన్నాయి, ఏమీ కనబడలేదు అని తర్వాత ఒప్పుకున్నాడు. గుడ్డలో చుట్టి బిడ్డను నా పక్కన పెట్టినప్పుడు నేను మొదట బిడ్డ ముఖం చూశాను. తర్వాత గుడ్డ చూశాను. ఆకుపచ్చ గళ్ల నూలు చీర ముక్క. నేను కొత్త కోడలిగా గడప దాటిన రోజు మా అత్త కట్టుకున్న చీర అది. దాన్ని ఆ బ్యాగులో నేను పెట్టలేదు.

ఇంటికి వచ్చాక నర్సమ్మను అడిగాను. "నాకేం తెలుసు, పాత గుడ్డలు సానామంది ఇస్తారు" అని గోడ మీద తువ్వాలు సర్దుకుంది. అత్తను అడగలేదు. మా ఇంట్లో కొన్ని సంగతులు అందరికీ తెలిసి కూడా ఎవరికీ తెలియనట్టే ఉంటాయి. బిడ్డకు ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఈ తొమ్మిదేళ్లూ అత్త మధ్యాహ్నం నిద్ర మానేసి, కాఫీ పేరు చెప్పి పక్కింటికి పోతూనే ఉంది.

కుప్పంలో నర్సమ్మను మట్టి చేసి వచ్చిన మరునాడు నేను తాళం తీశాను. మంచం మీద దుప్పటి ఆసుపత్రి మంచం మీద పరిచినంత బిగువుగా ఉంది. కింద ఒకే ఒక బ్యాగు, పిడికి నీలం పీలిక. వంగి తీసినప్పుడు ఎండ వాసన కొట్టింది. అప్పుడు మాత్రం గట్టిగానే ఏడ్చాను.

బ్యాగు పట్టుకుని ఎదురింటికి పోతే ఆ పిల్ల తల్లి గుమ్మంలోనే ఆపింది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. "వద్దమ్మా, తొలి కానుపు. ఇంట్లోకి తేవద్దు. యాడైనా పెట్టమ్మా, నీకు దండం పెడ్తా." తల్లి వెనక నిండు కడుపుతో నిలబడిన పిల్ల బ్యాగు వైపే చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. నేను వీధి మధ్యకు వచ్చి నిలబడ్డాను. ఎదురుగా తాళం వేసిన ఇల్లు, దాని పక్కన మా ఇల్లు. మా ఇంట్లోకి ఒకప్పుడు చేతి వెడల్పు గౌను వచ్చి ఏమైందో నాకూ తెలుసు, అత్తకూ తెలుసు.

అత్త వరండాలోంచి అంతా చూస్తోంది.

"యాల ఎండలో నిలబడుకోనుండావు? లోపలికి ఎత్తుకోని రా."

"అత్తా, ఇది…"

"తెలుసు లే. కానుపు వాళ్లింట్లో గదా. మనింట్లోకి వస్తే వాళ్లకేం దోషం?"

నర్సమ్మ మాట, నర్సమ్మ గొంతుతోనే. నేను చెప్పులు విడిచి, ఆ బ్యాగును గడప దాటించి అత్త మంచం కింద పెట్టాను. అత్త వంగి దాన్ని ఇంకాస్త లోపలికి జరిపింది. "ఆ గౌను నేను పారేయలేదమ్మీ. పెట్టెలో ఉండాది. అది కొన్నందుకు ఏమీ గాలేదు. నర్సమ్మ నాక్కూడా చెప్పింది" అన్నది. తొమ్మిదేళ్ల కిందటే చెప్పి ఉండొచ్చు కదా అని కోపం వచ్చింది. పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకున్నాను.

సాయంత్రం ఎదురింటి అల్లుడు వచ్చాడు. పీలేరు దగ్గర ట్రాక్టరు షోరూంలో పనిచేసే అబ్బాయి. బ్యాగు ఎక్కడుందో చూసుకుని పోదామని వచ్చాడు, పాపం. అత్త అతన్ని నేల మీద కూర్చోబెట్టింది. బ్యాగు ముందుకు జరిపి, తాను మంచం మీద కాళ్లు మడుచుకుని కూర్చుంది.

"కండ్లు మూసుకోని బిడ్డ గుడ్డ తీయప్పా."

అతను నా వైపు చూశాడు. నేను బ్యాగు వైపు చూపించాను. కళ్లు మూసుకుని, చేయి లోపలికి పెట్టి, చాలాసేపు వెతికి, బిస్కెట్ ప్యాకెట్టు తీశాడు.

"మల్లీ తీయ్" అన్నది అత్త.